కుక్కను ఉంచమని ఇచ్చారా, వదులుకున్నారా?

ప్రశ్న: కూకట్‌పల్లిలోని ఇల్లు అమ్మి నిజాంపేటలో ఫ్లాట్‌కు మారాం. కుక్కలను ఒప్పుకోమని అసోసియేషన్ వారు చెప్పడంతో, ఎనిమిదేళ్ల మా లాబ్రడార్‌ను జనవరిలో శివారులోని ఒక ప్రైవేటు షెల్టర్‌లో ఉంచి, నెలకు రూ.6,000 కడుతూ వచ్చాం. మార్చి 18న 'జబ్బు ముదిరింది, ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి లేకుండా చేశాం' అని వాట్సాప్‌లో తెలిపారు. అదే రోజు పూడ్చేశారట. మా పాప ఇంకా తేరుకోలేదు. జంతుహింస నిరోధక చట్టం కింద వారికి శిక్ష వేయించాలి. కుక్క ఆరోగ్యంగా ఉండేదని పాత తేదీతో సర్టిఫికెట్ ఇవ్వడానికి తెలిసిన పశువైద్యుడు సిద్ధంగా ఉన్నారు. (జూన్ 24న రాసిన ఉత్తరం)

జవాబు: మీ ఉత్తరంలో అధిక భాగం కుక్క గుణగణాలకే సరిపోయింది. కేసును తేల్చేది మాత్రం మీరు జతచేసిన ఫొటోల్లోని ఒక కాగితం. దాని పైన 'సరెండర్ ఫారం' అని ఉంది, అడుగున మీ సంతకం ఉంది. సరెండర్ అంటే కుక్కపై మీకున్న హక్కును వదులుకోవడం. ఇంగ్లీషులో ఉన్నందున చదవకుండా సంతకం పెట్టానంటున్నారు. ఫ్లాట్ కాగితాల మీద కూడా ఇలాగే పెట్టారా? పైగా పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం అపార్ట్‌మెంట్ సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ రోజే ఎవరినైనా అడిగి ఉంటే ఈ కాగితమే పుట్టేది కాదు.

మిమ్మల్ని కొంత ఆదుకునేది ఫిబ్రవరి రసీదు. దానిపై ఎవరో బాల్‌పెన్నుతో 'బోర్డింగ్, ఫిబ్రవరి' అని రాశారు. బోర్డింగ్ అంటే డబ్బు తీసుకుని కుక్కను తమ దగ్గర ఉంచి చూసుకోవడం. హక్కు వదులుకున్న కుక్కకు నెలనెలా బోర్డింగ్ డబ్బు ఎందుకు వసూలు చేశారన్న ప్రశ్నకు షెల్టర్ వారు జవాబు చెప్పుకోవాలి. అది బోర్డింగే అని నిలబడితే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 148, 151 సెక్షన్ల ప్రకారం కుక్క మీదిగానే ఉండి వారి సంరక్షణలో ఉన్నట్టు. డబ్బు చెల్లించారు కనుక మీరు వినియోగదారు కూడా.

ఇక గడువు. జంతుహింస నిరోధక చట్టం, 1960లోని 36వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిన నాటి నుంచి మూడు నెలలు దాటాక ప్రాసిక్యూషన్ మొదలుపెట్టడానికి వీల్లేదు. ఆ గడువు జూన్ 18తో తీరింది, మీరు ఉత్తరం రాసింది ఆరు రోజుల తరువాత. గడువు ఉండి ఉన్నా, ఆ చట్టం 11వ సెక్షన్ కింద మొదటి నేరానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలే. జంతువును చంపి నష్టం కలిగించడంపై ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌కు అయిదేళ్ల వరకు శిక్ష ఉంది, కాలపరిమితి అడ్డురాదు. కానీ నష్టం కలిగించాలన్న ఉద్దేశాన్ని, లేదా నష్టం కలగవచ్చని తెలిసే చేశారన్న సంగతిని రుజువు చేయాలి. ఆ రోజే కళేబరాన్ని రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లి పోస్టుమార్టం కోరి ఉంటే కొంత ఆధారం దొరికేదేమో, ఇప్పుడు అదీ లేదు.

పాత తేదీ సర్టిఫికెట్ ఆలోచనను ఇక్కడితో మానుకోండి. వినియోగదారుల కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణే. అక్కడ కల్పిత సాక్ష్యం పెడితే న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు మీకు పడవచ్చు, ఆ వైద్యుడి రిజిస్ట్రేషన్ కూడా ప్రమాదంలో పడుతుంది. షెల్టర్ న్యాయవాది ఆయన క్లినిక్ రిజిస్టర్ తెప్పిస్తే చాలు, మీ నిజమైన రసీదుకు కూడా విలువ పోతుంది.

చేయవలసింది ఇది. ఇంజెక్షన్ ఇచ్చిన వైద్యుడి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, చికిత్స పత్రాలు, వాడిన మందు, మీ అనుమతి ఎక్కడ తీసుకున్నారన్న వివరం పదిహేను రోజుల్లో ఇవ్వాలని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. వీధి కుక్కకు సైతం ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వాలంటే, నయం కాని జబ్బో ప్రాణాంతక గాయమో ఉందని నియమిత బృందం నిర్ధారించి, కారణాన్ని సంతకాలతో రికార్డు చేయాలని జంతు జనన నియంత్రణ నిబంధనలు, 2023 చెబుతున్నాయి. నెలనెలా డబ్బు తీసుకున్న ఇంటి కుక్క విషయంలో ఒక్క కాగితమూ లేదంటే అది వారికే చేటు. ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మార్చి 18 నుంచి రెండేళ్ల గడువు ఉంది, మీరు కట్టిన మొత్తానికి ఫిర్యాదు రుసుము కూడా ఉండదు. వాట్సాప్ సంభాషణను చెరపకండి, ఫోన్ మార్చకండి. దాని ప్రతిని దాఖలు చేసేటప్పుడు సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి.

జనవరి, మార్చి రసీదులు మీ ఫొటోల్లో కనిపించలేదు. నోటీసు పంపేలోగా వాటిని వెతికి పెట్టుకోండి. దొరకకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి.