పాత జపనీస్ తోటను బాగుచేసేటప్పుడు తప్పుడు బోర్డును కూడా ఉంచేయాలా?

నా దృష్టిలో ఉంచాలి. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో బ్రాకెన్‌రిడ్జ్ పార్కులోని జపనీస్ టీ గార్డెన్‌కు వెళ్తే గేటు మీద ‘చైనీస్ టీ గార్డెన్’ అని కనిపిస్తుంది. ఇది ఎవరో పొరపాటున రాసింది కాదు.

ఆ చోటు ఒకప్పుడు సిమెంటు కోసం సున్నపురాయి తవ్విన క్వారీ. రాయి అయిపోయాక మిగిలిన గోతిని 1910ల చివర్లో కొలనులు, రాతి వంతెనలతో తోటగా మార్చారు. కిమి జింగు అనే చిత్రకారుడి కుటుంబం అక్కడే ఉంటూ టీ అమ్ముతూ తోట చూసుకునేది. 1942లో, జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా, ఆ కుటుంబాన్ని ఖాళీ చేయించి తోట పేరే మార్చేశారు. ఆ కొత్త పేరున్న గేటును డియోనిసియో రోడ్రిగెజ్ అనే శిల్పి సిమెంటుతో కట్టాడు. దగ్గరికెళ్లి చూసినా బెరడు లేచిన చెట్టు మొద్దులాగే ఉంటుంది. అసలు పేరు 1984లో గానీ తిరిగి రాలేదు.

ఇలాంటి తోటకు భవిష్యత్తు ప్లాన్ అనగానే అందరూ మొక్కల గురించే మాట్లాడతారు. నిజానికి ఖర్చంతా నీళ్ల దగ్గరే: కొలను కారితే చేపలూ కలువలూ జలపాతమూ అన్నీ పోతాయి. 2008లో తోటను బాగుచేసి మళ్లీ తెరిచినా, ఈ పని ఒక్కసారితో తీరేది కాదు, ఏటా డబ్బు పక్కన పెట్టాల్సిందే. గేటు మాత్రం చెరపకుండా, జింగు కుటుంబం కథను దాని పక్కనే రాసి పెడితే చాలు.