సంక్రాంతికి ఇంటికెళ్ళి అక్కడి నుంచే పని చేద్దామనుకునేవారికి

"అక్కా, డిసెంబరు మూడో వారంలో ఇంటికి వెళ్తున్నాను. రెండు వారాలు సెలవు దొరికింది. ఆ తర్వాత ఇంకో మూడు వారాలు గుంటూరు నుంచే పని చేసుకోమన్నాడు మా మేనేజరు. ఇంట్లో వైఫై ఉంది, ల్యాప్‌టాప్ నా దగ్గరే ఉంటుంది. ఇంకేమైనా చూసుకోవాలా?"

ఇక్కడ అమెరికాలో, మా డాలస్‌కి కొత్తగా వచ్చిన పిల్లలు ప్రతి ఏడూ దసరా వెళ్ళగానే అడగడం మొదలుపెట్టే మాట ఇది. చూసుకోవాల్సినవి చాలానే ఉన్నాయి. గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మావాళ్ళింట్లో కూర్చుని ఇప్పటికి ఆరుసార్లు ఇలా పని చేశాను. మొదటిసారి ఏ ఏర్పాటూ లేకుండా వెళ్ళాను. రాత్రి ఎనిమిదిన్నరకి తలుపేసుకుని కూర్చుంటే తెల్లవారుజామున నాలుగున్నరకి బయటికి వచ్చేదాన్ని. మధ్యాహ్నం పన్నెండింటి దాకా నిద్ర. లేచాక తల బరువు, చిరాకు, సాయంత్రమయ్యేసరికి మళ్ళీ మీటింగుల ఆలోచన. తిరుగు ప్రయాణం రోజు గన్నవరం విమానాశ్రయానికి వెళ్ళే కారులో నాన్న ఒక్కటే మాటన్నారు: "వచ్చావు గానీ, మాకు కనపడలేదమ్మా." ఆయన నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కాబట్టి కుర్చీ, బల్ల, రౌటర్ కంటే ముందు పనిగంటలు తేల్చుకోండి. మన శీతాకాలంలో డాలస్ ఉదయం తొమ్మిదంటే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. సాయంత్రం ఐదంటే మర్నాడు తెల్లవారుజాము నాలుగున్నర. మొత్తం ఎనిమిది గంటలూ ఇక్కడి గడియారం ప్రకారమే కూర్చోనక్కర్లేదని మీ మేనేజరుకి ముందే చెప్పి ఒప్పించండి. నేను చేసే పద్ధతి ఇది: రాత్రి ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా మీటింగులు, నలుగురితో కలిసి చేయాల్సిన పనులు. అప్పటికి డాలస్‌లో మధ్యాహ్నం ఒంటిగంట. నిద్రపోయి, మర్నాడు పొద్దున పది నుంచి రెండు దాకా ఒంటరిగా చేసుకునే పని. ఆ వేళకి ఇక్కడ అందరూ నిద్రలో ఉంటారు, ఎవరూ మెసేజ్ పెట్టరు. ఆ నాలుగు గంటల్లో అయ్యే పని ఇక్కడ ఆఫీసులో రోజంతా కూర్చున్నా అవ్వదు. రెండింటికి అమ్మా నాన్నలతో కలిసి భోజనం. అక్కణ్ణించి రాత్రి ఎనిమిది దాకా మీరు పూర్తిగా వాళ్ళవాళ్ళు. ఇది కుదరదని ఖరాఖండీగా చెప్పే ఉద్యోగమైతే, ఐదు వారాలు వెళ్ళే బదులు సెలవున్న రెండు వారాలే వెళ్ళి హాయిగా గడిపి రండి. నా ఉద్దేశంలో అదే మేలు.

గంటల మార్పు కూడా గుర్తుంచుకోండి. ఇక్కడ గడియారాలు మార్చేది మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. దీపావళికో ఉగాదికో వెళ్ళినవాళ్ళు దీన్ని మర్చిపోతారు. వేసవిలో డాలస్ తొమ్మిది అక్కడ ఏడున్నరే. ఉగాది ముందు ఎనిమిదిన్నరకి అలవాటుపడినవాళ్ళు మార్చిలో ఒక సోమవారం గంట ఆలస్యంగా మీటింగులోకి వస్తారు.

అనుమతి నోటిమాటగా వద్దు, ఈమెయిల్లో ఉండాలి. మేనేజరు సరేనన్నా హెచ్ఆర్, సెక్యూరిటీ విభాగాలు ఒప్పుకోవాలి. కొన్ని కంపెనీలు, ముఖ్యంగా ఆసుపత్రుల, బ్యాంకుల, ప్రభుత్వ కాంట్రాక్టుల డేటా చూసేవి, ల్యాప్‌టాప్‌ని దేశం దాటనివ్వవు. ఏదో వీపీఎన్ పెట్టుకుని డాలస్‌లోనే ఉన్నట్టు కనిపించే ప్రయత్నం మాత్రం చేయకండి, ఉద్యోగం పోతుంది. హెచ్1బి వీసా మీద ఉన్నవాళ్ళు విమానం టికెట్లు, బోర్డింగ్ పాసులు దాచుకోండి. అమెరికా బయట గడిపిన రోజుల్ని ఆ వీసాకుండే ఆరేళ్ళ గడువులో తిరిగి కలపమని అడగొచ్చు. పన్ను సంగతికొస్తే, ఇండియాలో కూర్చుని చేసిన పనికి వచ్చే జీతం మీద అక్కడి చట్టానికీ హక్కుంటుంది. రెండు దేశాల ఒప్పందంలో 183 రోజుల లోపు ఉన్నవారికి కొన్ని షరతులతో మినహాయింపు ఉంది. మూడు నాలుగు వారాలకి బెంగపడక్కర్లేదు. వీసా స్టాంపింగ్ ఆలస్యమై నెలలు గడిచేటట్టుంటే మాత్రం వెంటనే సీఏని కలవండి.

ఇక ఇంటి సంగతి. మన ఇళ్ళల్లో అసలు చిక్కు కరెంటుతో, అదీ మనం అనుకునే చోట కాదు. మా ఇంట్లో ఇన్వర్టర్ ఎప్పటినుంచో ఉంది కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను. ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి మీటింగులో మాట్లాడుతున్నాను. కరెంటు పోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది, తెరమీద మనుషులు మాత్రం బిగుసుకుపోయారు. రౌటర్ హాల్లో టీవీ పక్కన ఉంది, ఆ ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను లేదు! పాత ఇళ్ళల్లో ఎలక్ట్రీషియన్లు ఫ్యాన్లకీ లైట్లకీ మాత్రమే ఆ లైను ఇచ్చి వదిలేస్తారు. అందుకని మీరు దిగేముందే నాన్నగారిని ఒక పరీక్ష చేయమనండి: మెయిన్ ఆపేసి, మీరు కూర్చోబోయే గదిలో ప్లగ్గు, రౌటర్ ప్లగ్గు, ఫైబర్ పెట్టె ప్లగ్గు, మూడింట్లోనూ సెల్ ఛార్జర్ పెట్టి చూడమనండి. ఎక్కడ ఛార్జింగ్ ఎక్కకపోతే అక్కడికి ఇన్వర్టర్ లైను లాగించాలి. ఎలక్ట్రీషియన్‌కి ఒక పూట పని. అది కుదరకపోతే రౌటర్ కోసమే చేతిలో పట్టేంత చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు దొరుకుతాయి, ఒకటి కొని పెట్టించండి.

లెక్క కూడా వేసుకోవచ్చు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ అంటే కాగితం మీద 1,800 వాట్-అవర్లు. నష్టాలన్నీ తీసేస్తే చేతికొచ్చేది పదకొండు పన్నెండొందలు. ల్యాప్‌టాప్, మానిటర్, రౌటర్, ఒక ఫ్యాను కలిపితే 175 వాట్ల దాకా లాగుతాయి, అంటే ఆరు గంటలు నిశ్చింత. బ్యాటరీ నాలుగైదేళ్ళు పాతబడి ఉంటే అందులో సగం కూడా రాకపోవచ్చు, కాబట్టి ఎప్పుడు కొన్నారో అడగండి. డిస్టిల్డ్ వాటర్ పోసి ఎన్నాళ్ళయిందో కూడా అడగండి. ఇన్వర్టర్ వెనకాల యూపీఎస్ మోడ్ అని చిన్న మీట ఉంటే దాన్ని అటు తిప్పించండి. లేకపోతే కరెంటు పోయిన ఆ లిప్తకాలంలో రౌటర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది, కాల్ తెగుతుంది. కింది అంతస్తులో మెట్లకింద ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళవాళ్ళు దాన్ని ఎత్తైన స్టాండు మీదికి ఎక్కించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా పిన్నివాళ్ళ బ్యాటరీ మొదటి పూటే మునిగిపోయింది. ఫోన్లు ఛార్జ్ చేసుకునే దిక్కు లేక, వాళ్ళ మాట వినపడక ఇక్కడ మేం పడ్డ ఆదుర్దా మాటల్లో చెప్పలేను.

ఇక్కడి వస్తువుల్లో ఏవి తీసుకెళ్ళాలన్నది అడాప్టరు మీది అక్షరాలే చెప్తాయి. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే నిక్షేపంగా పనిచేస్తుంది. ఒట్టి 120 వోల్టులని ఉన్నదాన్ని అక్కడి 230లో పెడితే కాలిపోతుంది. ల్యాప్‌టాప్ అడాప్టరుకి మామూలుగా తీసి పెట్టుకునే తీగ ఉంటుంది కదా, గుంటూరులోనే ఏ కంప్యూటర్ దుకాణంలోనైనా మన మూడు పిన్నుల తీగ కొనుక్కోండి. రెండు పిన్నుల మార్పిడి ప్లగ్గులు వాడితే ఎర్త్ ఉండదు, ల్యాప్‌టాప్ రేకు మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంది. మానిటర్ అక్కడే కొనండి, మోసుకెళ్ళొద్దు. కస్టమ్స్ నిబంధన ప్రకారం విడిగా సుంకం మినహాయింపు ఉన్నది మనిషికి ఒక్క ల్యాప్‌టాప్‌కే.

ఇంటర్నెట్‌కి వేగం కంటే నిలకడ ముఖ్యం. వీడియో కాల్‌కి సెకనుకి మూడు నాలుగు మెగాబిట్లు చాలు, అక్కడ ఏ ఫైబర్ ప్లాను తీసుకున్నా అంతకంటే ఎక్కువే వస్తుంది. కానీ ఆ ఫైబర్ తీగ వీధిలో కరెంటు స్తంభాల మీదుగా, చెట్ల కొమ్మల మధ్య నుంచి వస్తుంది. కొమ్మలు కొట్టే రోజున అదీ తెగుతుంది. అందుకని ఫైబర్ ఒక కంపెనీది, ఫోన్ హాట్‌స్పాట్ సిమ్ ఇంకో కంపెనీది ఉండాలి. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడి నంబరు అమ్మ ఫోన్లో ఉండాలి. కాల్‌సెంటర్ కంటే ఆ అబ్బాయే ముందు వస్తాడు. మన పాత ఇళ్ళవి తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, వైఫై రెండు గోడలు దాటేసరికి చతికిలబడుతుంది. హాల్లోంచి గదిలోకి ల్యాన్ వైరు లాగించండి. ఒక్క సంగతి మన చేతిలో లేదు: డాలస్ సర్వరుకి మాట వెళ్ళి తిరిగి రావడానికి పావు సెకను పడుతుంది. ఇక్కడి మెషీన్‌లోకి రిమోట్‌గా వెళ్ళి టైపు చేస్తే ప్రతి అక్షరం వెనకబడుతుంది. వీలైతే కావాల్సినవన్నీ ముందే మీ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుని అందులోనే పని చేయండి.

ఓటీపీల సంగతి ఇక్కణ్ణించి బయల్దేరకముందే చూసుకోవాలి. మీ అమెరికా నంబరులో వైఫై కాలింగ్ (సెల్ సిగ్నల్ లేకపోయినా వైఫై మీదే కాల్స్, మెసేజ్‌లు అందే సదుపాయం) ఇక్కడే మొదలుపెట్టి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రం ఆన్‌లో ఉంచి ఒక కాల్ చేసి పరీక్షించండి. కంపెనీ లాగిన్‌ని ఫోన్ మెసేజ్ మీద కాకుండా కోడ్‌ని ఫోన్లోనే చూపించే అథెంటికేటర్ యాప్ మీదికి మార్చండి.

గది ఎంచుకునేటప్పుడు మేడమీది గది ఏకాంతంగా ఉంటుందని ఆశపడతాం. సంక్రాంతికి సరే గానీ, మే నెలలో వెళ్ళేవాళ్ళు వద్దు. గుంటూరు ఎండకి కాలిన శ్లాబు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతుంది, ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు. ధనుర్మాసంలో గుడి మైకు తెల్లవారకముందే మొదలవుతుంది. నేను పన్నెండున్నరకే పని ముగించడానికి అదీ ఒక కారణం. మన ఊరి గుడిని తగ్గించమనడం కంటే మన గంటలు మార్చుకోవడం మర్యాద. కొత్తవాళ్ళు డెలివరీ వస్తువులు తెప్పించుకుంటే చిరునామాలో లైను, అడ్డరోడ్డు రెండు అంకెలూ రాయండి. బ్రాడీపేటలో ఒక అంకె తప్పితే పార్సెల్ వేరే వీధికి పోతుంది.

కూర్చునే చోటికి డబ్బు పెట్టండి. నేను మొదట్లో నాన్న టేకు బల్ల ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వారం తిరక్కముందే నడుం పట్టేసుకుని పడుకున్నాను. రెండోసారి ఎత్తు పెంచి తగ్గించుకునే, చక్రాలున్న ఆఫీసు కుర్చీ కొన్నాను. బల్ల ఎత్తు టేపుతో కొలిస్తే 30 అంగుళాలు వచ్చింది. మోచేతులు బల్లకి సమంగా వచ్చేలా కుర్చీ పైకి లేపితే పాదాలు నేలకి అందలేదు. అమ్మ చూసి, వంటింట్లో కూరలు తరిగేటప్పుడు కూర్చునే చెక్కపీట తెచ్చి కాళ్ళకింద పెట్టింది. సరిగ్గా అతికినట్టు సరిపోయింది. మానిటర్ పై అంచు కళ్ళ ఎత్తుకి రావాలి, దానికి అల్మరాలోని నా పాత ఇంటర్ పుస్తకాలు మూడు పెట్టాను.

ఇంట్లోవాళ్ళకి మీ పని వేళలు నోటితో చెప్తే నిలవవు. హాల్లో గోడకి తగిలించిన తెలుగు క్యాలెండరు మీదే రాయండి. ఏ రోజు సెలవు, ఏ రోజు పని, ఏ రోజు పెద్దత్తయ్యవాళ్ళింటికి వెళ్ళాలి, అన్నీ అందులోనే. అమ్మలు మనం తినకుండా పడుకోరు. మొదటి రాత్రుల్లో అమ్మ కంచం కలిపి పట్టుకుని తలుపు దగ్గర నిలబడేది, లోపలికి రావాలా వద్దా తెలియక. నేను చెవుల్లో హెడ్‌ఫోన్లతో చూడకుండా ఉండేదాన్ని. ఇప్పుడు ఏడున్నరకి అందరం కలిసి తినేస్తాం, పదిన్నరకి అమ్మ మజ్జిగ గ్లాసు మూతపెట్టి బల్లమీద ఉంచి వెళ్ళి పడుకుంటుంది. చుట్టాలు సాయంత్రం నాలుగింటికి రావాలని అమ్మే అందరికీ ఫోన్లు చేసి చెప్తుంది. మీరు చెప్తే పొగరంటారు, అమ్మ చెప్తే సర్దుకుంటారు.

తిరిగొచ్చేటప్పుడు ఆ గదిని విప్పేయకండి. మా నాన్న రైల్వేలో రిటైరయ్యారు. ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకుకి వెళ్ళి నిలబడేవారు. ఇప్పుడు ఆ కుర్చీలోనే కూర్చుని, ఆ గది లైటు వెలుతురులోనే ఫోన్లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ పూర్తిచేస్తున్నారు. ఆదివారం మా వీడియో కాల్ కూడా అక్కణ్ణించే. వెనకాల గోడకి క్యాలెండరు కనిపిస్తూ ఉంటుంది. ఈసారి నేను వెళ్ళే తేదీ చుట్టూ నాన్న ఇప్పటికే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. దాని పక్కనే, బ్యాటరీలో నీళ్ళు పోయాల్సిన రోజు కూడా రాసుకున్నారు.