రిపోర్టుల్లో ఏమీ లేదు, నిద్ర మాత్రం రావడం లేదు

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా అత్తగారికి పక్షవాతం వచ్చి 14 నెలలైంది. పుండ్లు పడకుండా రాత్రిళ్లు రెండు గంటలకొకసారి లేచి ఆమెను పక్కకు తిప్పుతాను. ఆరు నెలలుగా తెల్లవారుజామున మూడింటికి గుండె దడతో మెలకువ వస్తోంది. మెడ పట్టేస్తోంది, కడుపులో మంట, పిల్లల పేర్లు కూడా మరిచిపోతున్నాను. నిలబడటానికి రోజుకు ఐదు కాఫీలు తాగుతున్నాను. ఈసీజీ, థైరాయిడ్ పరీక్షల్లో ఏమీ లేదన్నారు. ఆడపడుచు వచ్చి వారం పాటు రాత్రిళ్లు చూసుకున్నా నాకు నిద్ర పట్టలేదు. 'అతిగా ఆలోచిస్తున్నావు' అంటారు మావారు. ఇది నా భ్రమేనా?

జవాబు: భ్రమ కాదు. ఆ పరీక్షల్లో ఏమీ లేదంటే వాటికి అందే జబ్బు లేదని అర్థమే తప్ప, మీకు బాధ లేదని కాదు.

ఆపద ఎదురైనప్పుడు మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. దానితో గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, జీర్ణకోశానికి వెళ్లే రక్తం తగ్గుతుంది. ఆపద తీరగానే ఇవన్నీ సర్దుకోవాలి. మీకు మాత్రం 14 నెలలుగా ప్రతి రెండు గంటలకూ పిలుపు వస్తూనే ఉన్నందువల్ల శరీరం కాపలా నుంచి దిగడమే మానేసింది. ఆడపడుచు ఉన్న వారంలోనూ మెలకువ రావడం చూస్తే, మీరు ఆలోచించి మేలుకోవడం లేదనీ, ఆలోచనకన్నా ముందే శరీరం లేస్తోందనీ తెలుస్తుంది. పైగా కార్టిసాల్ అనే హార్మోను రాత్రి రెండో సగంలో అందరిలోనూ పెరగడం మొదలవుతుంది. అలసటతో నిద్ర పలచబడినవారికి ఆ కాస్తా చాలు. మతిమరుపుకు ముక్కలైన ఆ నిద్రే ప్రధాన కారణమై ఉంటుంది. కడుపు సంగతికొస్తే, ఒత్తిడిపై పరిశోధించిన శాస్త్రవేత్త హాన్స్ సెల్యే 1936లోనే ఎలుకల మీద ప్రయోగాలలో, హాని ఏ రకమైనదైనా అడ్రినల్ గ్రంథులు ఉబ్బడం, జీర్ణకోశంలో పుండ్లు పడటం ఒకే తీరుగా కనిపిస్తాయని గమనించారు. మీ మంటలో కాఫీ వంతు కూడా ఉండవచ్చు.

మీ వయసులో బహిష్టు ఆగిపోయే ముందరి మార్పులు కూడా రాత్రి దడ, చెమటలు తెప్పిస్తాయి కనుక ఒకసారి స్త్రీవైద్య నిపుణురాలిని కలవండి. ఛాతీ నొప్పి గానీ, ఆయాసం గానీ వస్తే మాత్రం పాత రిపోర్టులను నమ్ముకుని ఆగవద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

తాగిన కాఫీలో సగం కెఫీన్ ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లో మిగిలే ఉంటుంది. మధ్యాహ్న భోజనం తర్వాత కాఫీ మానండి. దడ వచ్చినప్పుడు నాలుగు లెక్కించే వరకు గాలి పీల్చి, ఏడెనిమిది లెక్కించే వరకు నెమ్మదిగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె సహజంగానే కాస్త నెమ్మదిస్తుంది. అయితే ప్రాణాయామం చేసుకుంటూ ఇదే బరువు మోయమని చెప్పడం నాకు న్యాయంగా తోచడం లేదు. ఈ ఇంట్లో లోటు మీ మనోనిబ్బరంలో లేదు, పనుల పంపకంలో ఉంది. వారానికి మూడు రాత్రులు వారి తల్లిని మీవారే చూసుకోవాలి. ఈ జవాబును ఆయనకు చదివి వినిపించండి. దిగులు ఎక్కువై బతుకు మీద విరక్తి కలిగితే ఆలస్యం చేయక మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ మూడు రాత్రులూ మీరు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోండి. మొదటి రెండు మూడు వారాలు మూడింటికి మెలకువ వస్తూనే ఉంటుంది, గడియారం చూడకుండా అలాగే పడుకోండి. అత్తగారి దగ్గు వినిపించేంత దగ్గరలో మాత్రం మంచం వేసుకోవద్దు.