జైలు నుంచి వచ్చే కొడుక్కి లైసెన్సు ఇస్తారా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి దొంగతనం కేసులో మూడేళ్ల శిక్ష పడి రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నాడు. వచ్చే ఏడాది విడుదల. పదో తరగతి తప్పాడు. డ్రోన్ పైలట్ కోర్సుకి డబ్బు కట్టమంటారా, గల్ఫ్ పంపమంటారా? అసలు కేసున్నవాడికి ఏ లైసెన్సయినా ఇస్తారా?

జవాబు: మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ చివరి ప్రశ్నే కదండీ. ఇస్తారు. శిక్ష పడినవాడికి ఏ లైసెన్సూ ఇవ్వకూడదనే చట్టమేదీ లేదు. పనిని బట్టి షరతులు మారతాయి, అంతే. సెక్యూరిటీ గార్డు పనికి మాత్రం పూర్వాపరాల విచారణ తప్పదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

గల్ఫ్ ఇప్పట్లో కుదిరేది కాదు. నైతిక పతనం కిందికొచ్చే నేరానికి 2 ఏళ్లు, ఆపైన శిక్ష పడితే 5 ఏళ్ల దాకా పాస్‌పోర్టు నిరాకరించొచ్చు. దొంగతనం ఆ కోవలోదే. ఆ 5 ఏళ్లూ తీర్పు తేదీ నుంచి లెక్క, విడుదల నుంచి కాదు. ‘మేం చూసుకుంటాం’ అనే ఏజెంటుకి రూపాయి ఇవ్వకండి.

డ్రోన్ సర్టిఫికెట్‌కి పది పాసవ్వాలి. మీవాడు తప్పాడని మీరే రాశారు. డబ్బు సిద్ధం చేసుకునే ముందు అర్హత ఏమిటో అడగొద్దా? పది పాసైనా నాకు గురి లేదు. పొలాలకు డ్రోన్‌తో మందు కొట్టే పని సార్వాలో (వానాకాలం పంట) కొన్ని వారాలు, దాళ్వాలో (రెండో పంట) కొన్ని వారాలు, మిగతా రోజులు ఖాళీ. పైగా మన దగ్గర వరిచేను గట్టు పక్కనే రొయ్యల చెరువు. గాలికి పురుగుమందు తుంపర నీళ్లలో పడితే రొయ్య బతకదు. ఆ నష్టానికి ఊళ్లో మొదట వేలెత్తి చూపేది ఎవరినో మీకూ తెలుసు.

నేనైతే వైర్‌మన్ పని చెబుతాను. ఐటీఐలో ఆ ట్రేడుకి ఎనిమిది పాసైతే చాలు, 2 ఏళ్లు. తర్వాత విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు పర్మిట్. రొయ్యల చెరువు మీద నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లు త్రీఫేజు. ఒక ఫేజు పోతే మోటారు మూలుగుతుంది, ఆపకపోతే వైండింగ్ కాలిపోతుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ. ఆ వేళ టెస్టరు పట్టుకొచ్చి, స్టార్టరు విప్పి, కాలిన కాంటాక్టు మార్చినవాణ్ణి రైతు మళ్లీ పిలుస్తాడు. చిక్కల్లా రాగి తీగతోనే, ఎక్కడ పోయినా అనుమానం మీవాడి మీదికే వస్తుంది. అందుకని మొదట్లో లైసెన్సున్న కాంట్రాక్టరు కింద చేయనివ్వండి. తీసుకున్న వైరు మీటర్లు, మిగిలి వెనక్కిచ్చింది పుస్తకంలో రాసి, రోజూ సంతకం పెట్టించుకోవాలి.

వాడి పాత సిమ్ము ఈపాటికి రద్దయి ఉండొచ్చు. ఆధార్‌కి ఆ నంబరే ఉంటే ఓటీపీ రాదు, ఆన్‌లైన్ దరఖాస్తులు అక్కడే ఆగిపోతాయి. బయటికొచ్చిన వారంలోనే కొత్త సిమ్ముతో ఆధార్ కేంద్రానికి వాణ్ణే పంపండి, వేలిముద్ర వాడిదే కావాలి. పాత డ్రైవింగ్ లైసెన్సు గడువు దాటి ఏడాది అయితే మళ్లీ టెస్టు ఇవ్వాలి.

పది పరీక్ష ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) ద్వారా జైలు లోపలి నుంచే రాయొచ్చు. మీ ఉత్తరంలో వాడికేం ఇష్టమో ఒక్క ముక్క లేదు. ఈసారి ములాఖత్‌లో ఫీజుల మాట పక్కనపెట్టి, అక్కడ ఏ పనిలో ఉన్నాడో, ఆ పని ఎలా ఉందో వాణ్ణే అడగండి.