వ్యాక్టెరల్‌తో పుట్టిన బాబు ముప్పై ఏళ్లకు ఎలా ఉంటాడు?

తమ్ముడూ, నాలుగు నెలల మీ బాబుకు అన్నవాహిక ఆపరేషన్ అయింది, మలం పోవడానికి పొట్ట మీద సంచి ఉంది, కిడ్నీ ఒక్కటే, "ముప్పై ఏళ్లకు వీడెట్లుంటడు?" అని అడిగారు. నాకు 34. ఆ మూడు లోపాలూ నాకూ పుట్టుకతో ఉన్నవే, వాటికి తోడు ఒక వంకర వెన్నుపూస. మాది పరకాల దగ్గర పల్లె. ఇప్పుడు హనుమకొండలో ఉద్యోగం, పెళ్లయింది, పాప ఉంది.

వెన్నుపూస, మలద్వారం, గుండె, అన్నవాహిక-శ్వాసనాళం, కిడ్నీలు, చేతులు. వీటిలో కనీసం మూడింట్లో పుట్టుకతోనే లోపం ఉంటే వ్యాక్టెరల్ అంటారు. తెలివితేటలకు సాధారణంగా ఏమీ కాదు. చిన్నప్పటి ఆపరేషన్లు నాకు గుర్తే లేవు, అమ్మకు గుర్తు. నేను ఇబ్బంది పడ్డది ఇరవై దాటాకే. పిల్లల సర్జన్ దగ్గరికి వెళ్లే వయసు దాటిపోయింది. పెద్దల డాక్టర్లలో చాలామందికి ఈ పేరే కొత్త. ఫైలేమో అమ్మ ట్రంకు పెట్టెలో చెదలు పట్టింది.

24 ఏళ్లప్పుడు నడుము నొప్పి మొదలైంది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ డైక్లోఫెనాక్ సూది వేసి మాత్రలిచ్చాడు. తగ్గినట్టే ఉండేసరికి మెడికల్ షాపులో నేనే కొనుక్కుని నెలల తరబడి మింగాను. ఒక్క కిడ్నీ అని నేను చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు పరీక్ష చేస్తే బీపీ 160/100, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 1.8, రెండూ ఎక్కువే. ఆ నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయట, నాకు చూస్తే రెండోది లేదాయె. మాత్రలు మానేశాక క్రియాటినిన్ కొంత దిగింది గానీ బీపీ మాత్ర మాత్రం ఇవాళ్టికీ తప్పలేదు. అందుకే బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, ఈ మూడూ ఏడాదికోసారి చూపించుకుంటాను. మీ బాబుకు జ్వరం వచ్చినా, పన్ను నొప్పి వచ్చినా ముందు కిడ్నీ మాట చెప్పండి.

అతికించిన అన్నవాహిక ముద్దను కిందికి తోయడంలో ఎప్పుడూ మందకొడే. ఒక దావత్‌లో మటన్ ముక్క ఇరుక్కుని, పెళ్లికొడుకు కంటే నా చుట్టే ఎక్కువ మంది చేరారు! ఇప్పుడు చిన్న ముక్కలు, మధ్యమధ్య నీళ్లు. దీనికంటే అసలు చూసుకోవాల్సింది పుల్లటి తేన్పులు, గుండెలో మంట. ఆ యాసిడ్ ఏళ్ల తరబడి లోపలి పొరను మారుస్తుంది, కొద్దిమందిలో అది క్యాన్సర్ దాకా పోవచ్చు. అందుకే పెద్దయ్యాక ఏ బాధా లేకపోయినా 5 నుంచి 10 ఏళ్లకోసారి ఎండోస్కోపీ చేయించుకోమంటారు.

ఎవరూ మాట్లాడని సంగతి మలం మీద పట్టు. ఆరో తరగతిలో క్లాసులోనే అయిపోయిన రోజు తర్వాత పదిరోజులు బడికి పోలేదు. పదహారేళ్లకు ఒక సర్జన్ రోజూ పొద్దున ఉప్పునీళ్ల ఎనిమా నేర్పించాడు. ముప్పావుగంట పడుతుంది, ఆ తర్వాత రోజంతా నిశ్చింత. పదేళ్ల ముందే చెప్పి ఉంటే బాగుండేది. మేడారం జాతరకు మాత్రం ఒక్కసారే పోయాను, అక్కడి టాయిలెట్ల లైను చూశాక అమ్మవార్లకు ఇంటి నుంచే దండం.

మీ అమ్మగారు కోడలిని గ్రహణం పేరుతో దెప్పుతున్నారని రాశారు. మా అమ్మనూ గ్రహణం నాడు కూరగాయలు కోసిందనే అన్నారు. అసలు ఆ నెలల్లో గ్రహణం పట్టిందో లేదో ఒక్కరూ పంచాంగం తీసి చూడలేదు. దీనికి ఫలానా కారణమని తేలలేదు, ఎక్కువగా ఇంట్లో అదే మొదటి కేసు. ఆ మాట మీ అమ్మగారికి మీరే చెప్పండి, మీ భార్య ముందే చెప్పండి.

ఇంతకీ బాబు వెన్నుకు స్కాన్ తీశారా? వెన్నుపాము కింద అతుక్కుని ఉంటే ఎదిగేకొద్దీ కాళ్లు బలహీనపడటం, మూత్రం మీద పట్టు పోవడం జరగొచ్చు. పసివాళ్లకు ఎముక ఇంకా గట్టిపడదు కాబట్టి మామూలు అల్ట్రాసౌండ్‌లోనే చాలావరకు కనిపిస్తుంది. ఇంకో నెలా రెండు నెలలు దాటితే ఎంఆర్ఐ కావాల్సి వస్తుంది. ఈ వారమే మీ సర్జన్‌ను అడగండి.