అమెరికాలో మెడికేర్‌లో ఎప్పుడు చేరాలి? ప్లాన్ ఎప్పుడు మార్చుకోవచ్చు?

మెడికేర్ అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. 65 ఏళ్లు నిండే నెల, దానికి ముందు 3 నెలలు, తర్వాత 3 నెలలు, అంటే మొత్తం 7 నెలలు మొదటి గడువు. పుట్టినరోజు నెల రాకముందే దరఖాస్తు పెట్టేయడం మంచిది.

గడువు దాటితే ఏటా జనవరి 1 నుంచి మార్చి 31 దాకా చేరొచ్చు. కానీ పార్ట్ బి (మెడికేర్లో డాక్టర్ ఫీజుల్లాంటివి భరించే భాగం) ప్రీమియం మీద ఆలస్యమైన ప్రతి పూర్తి ఏడాదికీ 10 శాతం అదనంగా పడుతుంది. ఒకసారి కట్టి వదిలించుకునే జరిమానా కాదిది, పార్ట్ బి ఉన్నన్నాళ్లూ కట్టాల్సిందే.

మీరో, మీ జీవిత భాగస్వామో ఇంకా ఉద్యోగం చేస్తూ కంపెనీ ఇన్సూరెన్సులో ఉంటే ఆగొచ్చు. ఉద్యోగం, ఇన్సూరెన్సు రెండిట్లో ఏది ముందు ఆగితే అప్పట్నుంచి 8 నెలల గడువు. అయితే ఉద్యోగం మానేశాక పాత కంపెనీ ఇన్సూరెన్సునే సొంత డబ్బుతో కొనసాగించుకునే కోబ్రా ఈ లెక్కలోకి రాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కంపెనీలో 20 మంది కన్నా తక్కువుంటే అసలు ఆగకండి, అక్కడ బిల్లు ముందు కట్టాల్సింది మెడికేరే.

ప్లాన్ మార్పులకు అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 వరకు సమయం. కొత్తది జనవరి 1న మొదలవుతుంది. మెడికేర్ అడ్వాంటేజ్ (ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ ప్లాన్) ఉన్నవాళ్లకు జనవరి-మార్చిలో ఇంకో అవకాశం.

గ్రీన్ కార్డు మీద వెళ్లిన, అక్కడ ఉద్యోగం చేయని అమ్మానాన్నలకైతే 65 దాటినా సరే, వరుసగా 5 ఏళ్లు అక్కడ నివసించాకే అర్హత.