వరదలో మూగజీవాలు: విజయవాడలో నేను చూసింది

"మాది ఏటిగట్టు ఊరు. ఇంట్లో కుక్క ఉంది, దొడ్లో రెండు గేదెలున్నాయి. వరదొస్తే వాటిని ఎలా కాపాడుకోవాలి?" అని అడిగారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబేకాలనీ మునిగినప్పుడు నేను పది రోజులు ఈ పనిలోనే ఉన్నాను. నేను డాక్టర్ని కాను. పశువుల డాక్టర్ల పక్కన ఉండి నేర్చుకున్నదే చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు పలుపు విప్పండి. గేదెకు ఈత ఒకరు నేర్పక్కర్లేదు, అది మెరక వెతుక్కుని పోగలదు. కట్టుగుంజకు ఉన్నది మాత్రం నీళ్లు మెడ దాకా వచ్చినా అక్కడే ఉంటుంది. మేం ఆలస్యంగా చేరిన ఒక పాకలో మూడు అలాగే పోయాయి. పలుపు తాళ్లు ఇంకా బిగిసే ఉన్నాయి. ఆ పాక గుర్తొస్తే ఇప్పటికీ మనసు బాగోదు. కుక్క గొలుసు సంగతీ అంతే.

చాలా కుక్కలు మేడల మీద చిక్కుకుపోయాయి. చుట్టూ సముద్రంలా నీళ్లు, తాగడానికి మాత్రం చుక్క లేదు. అందుకే మేం బిస్కెట్లకంటే ముందు మంచినీళ్లు పెట్టేవాళ్లం. ఒక పెద్దావిడ దగ్గరికి మొదట వెళ్లిన పడవవాళ్లు కుక్కను ఎక్కించుకోవడం కుదరదన్నారట. "దీన్నొదిలేసి నేను రాలేను బాబూ" అని ఆవిడ రెండు రాత్రులు మేడ మీదే ఉండిపోయారు. మూడో రోజు మేం వెళ్లి కుక్క మూతికి పాత చున్నీ వదులుగా కట్టి, బియ్యం సంచిలో మెడ దాకా కూర్చోబెట్టి తెచ్చాం. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర దించేదాకా ఆవిడ దాని తల మీంచి చెయ్యి తీయలేదు. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచినప్పుడు కూడా పెంపుడు జంతువుల్ని వదల్లేక ఎంతోమంది ఇళ్లలోనే ఆగిపోయారు. ఆ మరుసటి ఏడాదే అమెరికాలో, జనాన్ని తరలించే ప్రణాళికలో వాటికీ చోటు ఉండాలని చట్టం చేశారు. మన దగ్గరా అలాంటిది రావాలని గట్టిగా కోరుకుంటున్నాను. కుక్కను వదలనివాళ్లను మొండివాళ్లని తిట్టుకుంటే పని జరగదు.

మీకు అసలు చెప్పాల్సింది తిండి గురించి. నీళ్లలోంచి బయటపడ్డ గేదెలు నాలుగు రోజులుగా ఆకలి మీద ఉన్నాయి. గడ్డి ఎక్కడా లేదు. సాయంగా వచ్చిన పులిహోర, బిర్యానీ ప్యాకెట్లు మాత్రం గుట్టలుగా మిగిలాయి. పాపం తిననీ అని విప్పి ముందు పోశాం. పోసినవాళ్లలో నేనూ ఉన్నాను. మర్నాటికి ఒక గేదె నెమరు ఆపేసింది, డొక్క ఉబ్బింది, నిలబడలేక కూలబడింది. డాక్టర్ వచ్చేసరికి చేయి దాటిపోయింది. అలవాటు లేని గేదె ఒక్కసారిగా అన్నం ఎక్కువ తింటే అది పొట్టలో పులిసి, ఆ ఆమ్లం రక్తంలోకి ఎక్కుతుందని ఆయన చెప్పారు. కాబట్టి గేదెకు ముందు నీళ్లు, తర్వాత ఎండుగడ్డి కొంచెం కొంచెంగా పెట్టండి. బూజు పట్టిన గడ్డి పెట్టొద్దు. పొరపాటున అన్నం తినేస్తే వెంటనే డాక్టర్ని పిలవండి. కూలబడిన గేదె నోట్లో మీరే ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కుక్కకైనా ఆకలి మీద ఒకేసారి కడుపు నిండా పెట్టకూడదు. గుప్పెడు పెరుగన్నం పెట్టి, రెండు మూడు గంటలాగి మళ్లీ గుప్పెడు పెట్టండి.

నీళ్లు తీశాక జబ్బులు మొదలవుతాయి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో కుక్కలకూ మనకూ లెప్టో జ్వరం వస్తుంది. కాళ్ల మీద చిన్న గాయం ఉన్నా గమ్‌బూట్లు లేకుండా దిగొద్దు. కుక్క కళ్లు పచ్చబడినా, తిండి మానేసినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. భయంలో ఉన్న కుక్క కరుస్తుంది, నన్నూ కరిచింది. సబ్బుతో పావుగంట ధారగా కడుక్కుని, అదే రోజు రేబిస్ టీకా వేయించుకున్నాను. గేదెలకు గొంతువాపు టీకా వానలకు ముందే వేయించండి. బురదలో నానిన గిట్టల్ని రోజూ కడిగి ఆరనివ్వాలి. పుండు పడితే ఈగలు వాలి పురుగు పడుతుంది, అక్కడ వేపనూనె పనికొచ్చింది. ఆంధ్రలో అయితే 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది.

ఇంకొకటి ఈ రోజే చేయండి. మీ గేదెల చెవి ట్యాగు మీది 12 అంకెల నంబరు, కుక్క ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. నీళ్లు తగ్గాక విజయవాడ పక్కనే ఉన్న నున్న అనే ఊరి వైపు ఒక గేదె దొరికింది. ఇద్దరు తమదే అన్నారు. ఒకాయన దగ్గర పాత టీకా కార్డులో నంబరు ఉంది. దాన్ని ట్యాగుతో సరిచూసి ఆయనకే అప్పగించాం. ఆయన దాని మెడ పట్టుకుని ఏడ్చేశాడు.